పదోన్నతితో ఎస్‌ఐ అయ్యేవారికి రద్దీ నియంత్రణ, ప్రాణరక్షణ పరీక్ష తప్పనిసరి చేయాలా?

రాత్రివార్డు (చర్చ ప్రారంభించినవారు)
ఇరవై రెండేళ్లుగా అత్యవసర విభాగంలో నర్సుగా ఉన్నాను. పోలీసు శాఖలో ఏఎస్‌ఐ (సహాయ ఎస్‌ఐ) స్థాయి నుంచి ఎస్‌ఐగా పైకి వచ్చే ప్రతి ఒక్కరూ రెండు విషయాల్లో ఆచరణ పరీక్ష నెగ్గాలని నా ప్రతిపాదన. జనం ఎంత ఒత్తుగా చేరితే ప్రమాదమో కంటితో అంచనా కట్టడం మొదటిది. గుండె ఆగిన మనిషికి 108 వచ్చేదాకా ఛాతీ మీద నొక్కుతూ రక్తం ఆడేలా చూడటం రెండోది. ఈ రెండూ రాకుండా భుజానికి రెండో నక్షత్రం ఎక్కకూడదు.

2015 జూలై 14న రాజమహేంద్రవరం పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో 27 మంది చనిపోయారు. 2022 డిసెంబరు 28న కందుకూరులో ఎనిమిది మంది, నాలుగు రోజులు తిరగకుండానే గుంటూరులో ముగ్గురు. 2025 జనవరి 8 రాత్రి తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల కోసం వచ్చి ఆరుగురు. అదే ఏడాది నవంబరు 1న కాశీబుగ్గ గుడిలో తొమ్మిది మంది.

తొక్కిసలాట అన్న మాటే మనల్ని తప్పుదారి పట్టిస్తోంది. ఇలాంటి చోట్ల చాలామంది కాళ్ల కింద పడి నలిగి చనిపోరు. నిలబడి ఉండగానే, ముందూ వెనుకా ఒత్తిడికి ఛాతీ విప్పారక ఊపిరాడక పోతారు. చదరపు మీటరులో ఐదుగురు దాటితే మనిషి అడుగు తన ఇష్టం మీద పడదు. ఏడుగురైతే జనం నీళ్లలా ఊగుతారు. ఈ తేడా చూసి పోల్చుకోగల అధికారి ఒక్కరుంటే చాలు, పావుగంట ముందే వరుస ఆపించగలరు.

కొండపల్లి బొమ్మ
పూర్తిగా సమర్థిస్తున్నాను. ఎప్పుడో చేయాల్సిన పని.

పాత రైటరు
అమ్మా, మీ వృత్తి మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఈ ప్రతిపాదనను నేను ఒప్పుకోను. నేను కానిస్టేబుల్‌గా చేరి, స్టేషన్ రైటరుగా (రికార్డులు రాసే పనిలో) పన్నెండేళ్లు చేసి, ఎస్‌ఐగా పదవీ విరమణ చేశాను. మొత్తం 34 ఏళ్లు. ఆ కాలంలో నన్ను పంపిన శిక్షణలు లెక్కపెట్టలేను. రెండు రోజుల తరగతి, హాజరు పట్టీలో సంతకం, చివర గ్రూపు ఫొటో. తిరిగి వచ్చేసరికి బల్ల మీద అవే ఫైళ్లు. నేను వెళ్లిన రెండు రోజులూ నా పని పక్కవాడు మోశాడు. ఆ పక్కవాడికి అప్పటికి వారాంతపు సెలవు దొరికి నలభై రోజులు.

కానిస్టేబుల్‌కు తొమ్మిది నెలల శిక్షణ ఉంది. నేరుగా చేరిన ఎస్‌ఐకి ఏడాది ఉంది. పాఠాలకు కొరత లేదు. మనుషులు లేరు. యాభై మంది కావలసిన బందోబస్తుకు పదిహేను మందిని ఇచ్చి, ఆ పదిహేను మంది శిక్షణ బొమ్మ మీద నొక్కడం నేర్చుకోలేదని తప్పు పట్టడం న్యాయం కాదు. కాశీబుగ్గ సంగతి మీరే ఎత్తారు. అది ప్రైవేటు ఆలయమనీ, ముందస్తు సమాచారం ఇవ్వలేదనీ ప్రభుత్వమే చెప్పింది. అక్కడ ఏ ఎస్‌ఐ ఏ పరీక్ష నెగ్గి ఉంటే ఏం లాభం?

రాత్రివార్డు
రైటరు గారూ, “బొమ్మ మీద నొక్కడం” అని తేలిగ్గా అన్నారు. ఆ మాట నాకు బాధ కలిగించింది. నిమిషానికి వంద నుంచి నూట ఇరవై సార్లు, పెద్దవారికైతే కనీసం ఐదు సెంటీమీటర్ల లోతు, ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనిచ్చి మళ్లీ నొక్కాలి. రెండు నిమిషాలకే చేతులు పడిపోతాయి, మనిషి మారాలి. ఇది పుస్తకం చదివితే రాదు, బొమ్మ మీద చెమట పట్టేదాకా చేస్తేనే వస్తుంది. గుండె ఆగాక నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఎంత మంచి 108 అయినా అన్నిచోట్లకూ నాలుగు నిమిషాల్లో రాలేదు. అప్పటికే అక్కడ నిలబడి ఉండేది ఖాకీ బట్టల మనిషే.

2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ ఆరాంఘర్ దగ్గర ఒక ట్రాఫిక్ కానిస్టేబుల్ రోడ్డు మీద కుప్పకూలిన మనిషికి ఛాతీ నొక్కి ప్రాణం నిలబెట్టారు. ఆ దృశ్యం రాష్ట్రమంతా చూసింది. ఆ వెంటనే తెలంగాణలో పోలీసులతో సహా చాలామందికి ఈ శిక్షణ మొదలుపెట్టారు. చేతకాని పని కాదు.

పాత రైటరు
మీ ఉదాహరణ నా వాదనకే బలం. ఆరాంఘర్‌లో ప్రాణం కాపాడింది కానిస్టేబుల్. మీరు పరీక్ష పెట్టమంటున్నది ఎస్‌ఐ పదోన్నతికి. యాభై ఏళ్లు దాటి, మోకాళ్లు అరిగిన ఏఎస్‌ఐని నేల మీద కూర్చోబెట్టి, ఐదు సెంటీమీటర్లు నొక్కలేదని పదోన్నతి ఆపుతారా? నాతో పనిచేసిన ఒకాయన 29 ఏళ్ల సర్వీసు తర్వాత ఎస్‌ఐ అయ్యాడు. రెండో నక్షత్రంతో ఏడు నెలలే ఉన్నాడు. ఆ ఏడు నెలల కోసమే అంతకాలం ఎదురుచూశాడు.

తుంగభద్ర
ఐదు సెంటీమీటర్లా, ఆరా? మాకు కళాశాలలో వేరే లెక్క చెప్పినట్టు గుర్తు.

రాత్రివార్డు
ఐదుకు తగ్గకూడదు, ఆరు దాటకూడదు. మోకాళ్ల నొప్పి ఉన్నవారు నిలబడి పక్కవాడికి చెప్పి చేయించవచ్చు. ఆ మినహాయింపు ఇవ్వడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ అధికారికి ఆ పని తెలిసి ఉండాలి.

తుంగభద్ర
పసిపిల్లలకు కూడా అంతేనా?

రాత్రివార్డు
కాదు. ఛాతీ మందంలో మూడో వంతు. అది వేరే చర్చలో వివరంగా రాస్తాను, ఇక్కడ విషయం పక్కకు పోతోంది.

బందరు రోడ్డు
నేను ఇలాంటి చర్చల్లో మాట్లాడను. ఈరోజు ఆగలేకపోతున్నాను.

ఆరేళ్ల కిందట మా నాన్నగారిని జాతీయ రహదారి మీద లారీ కొట్టింది. ఊరు, స్టేషను పేరు చెప్పను. గస్తీ వాహనం పది నిమిషాల్లో వచ్చింది, దానికి వారికి దండం పెడతాను. తొడ దగ్గర నుంచి రక్తం కారుతోంది. ఒక కుర్ర కానిస్టేబుల్ తువ్వాలు మడిచి గాయం మీద అదిమాడు. పై అధికారి వచ్చి “ముట్టుకోకు, 108 వాళ్లు చూసుకుంటారు, ఏదైనా అయితే మన మెడకు చుట్టుకుంటుంది” అన్నాడు. ఆ అబ్బాయి చెయ్యి తీసేశాడు. తర్వాత ఆ చోటు ఎవరి పరిధిలోకి వస్తుందని ఫోన్లో మాట్లాడుకున్నారు. నాన్న ఆసుపత్రి చేరేలోపే పోయారు.

ఆ కానిస్టేబుల్‌కు శిక్షణ ఉందో లేదో నాకు తెలియదు. ఏం చేయాలో మాత్రం తెలుసు. చేయి తీయించిన మనిషికే తెలియలేదు.

కొండపల్లి బొమ్మ
మీకు నా సానుభూతి. మాట రావడం లేదు.

నల్లకోటు
“మెడకు చుట్టుకుంటుంది” అన్న భయం గురించి ఒక న్యాయవాదిగా చెబుతాను. రోడ్డు ప్రమాద బాధితులకు సాయం చేసేవారిని వేధించకూడదని సుప్రీంకోర్టు 2016 మార్చి 30న తీర్పు చెప్పింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి 134ఏ సెక్షన్ చేర్చారు. సదుద్దేశంతో, స్వచ్ఛందంగా, ప్రతిఫలం ఆశించకుండా సాయం చేసినవారి మీద సివిల్, క్రిమినల్ చర్యలు ఉండవు. “స్వచ్ఛందంగా” అన్న మాట డ్యూటీలో ఉన్న పోలీసుకు వర్తిస్తుందా అని ఎవరైనా వాదించవచ్చు. కానీ భారతీయ న్యాయ సంహితలో 30వ సెక్షన్ ఉంది. సమ్మతి చెప్పగల స్థితిలో లేని మనిషి మేలు కోసం సదుద్దేశంతో చేసిన పని నేరం కాదు. పాత శిక్షాస్మృతిలో ఇది 92వ సెక్షన్. అంటే బ్రిటిష్ కాలం నుంచీ ఉన్న రక్షణే.

పాత రైటరు
వకీలు గారూ, ఆ సెక్షన్లు నాకూ తెలుసు. నా సర్వీసులో కోర్టుకు భయపడిన పోలీసును ఎక్కువ మందిని చూడలేదు. భయమంతా మెమోకు, అంటే శాఖ ఇచ్చే సంజాయిషీ నోటీసుకు. ఛార్జ్ మెమో వస్తే ఇంక్రిమెంటు ఆగుతుంది, పదోన్నతి జాబితాలో పేరు కిందికి పోతుంది. దాన్ని అడ్డుకునే సెక్షన్ ఏదైనా ఉంటే చెప్పండి.

రాత్రివార్డు
అంటే బందరు రోడ్డు గారి నాన్నగారి దగ్గర జరిగింది సరైనదేనా? ఒక మనిషి రక్తం కారి చనిపోతుంటే మెమో గురించి ఆలోచించడం మీకు సబబుగా ఉందా? ఇదే మీ శాఖ జబ్బు. ఇరవై రెండేళ్లుగా మీవాళ్లు తెచ్చిన శరీరాలు చూస్తున్నాను. నాడి చూసినవాడు లేడు. నాలుక వెనక్కి పడి దారి మూసుకుంటే తల కాస్త వెనక్కి వంచినవాడు లేడు. ముందు అడిగేది ఊరు, పేరు, తండ్రి పేరు.

పాత రైటరు
అమ్మా, ఆ పేరు రాసుకోకపోతే తెల్లారి ఆ శవం ఎవరిదో ఎవరు చెబుతారు? మీరే ఆసుపత్రి నుంచి ఇంటిమేషన్ (పోలీసులకు సమాచారం) పంపి, పేరు లేదని మళ్లీ స్టేషనుకు ఫోన్ చేస్తారు. గుర్తు తెలియని శవాలను ఎన్నిటిని దగ్గరుండి సాగనంపానో నాకు తెలుసు. నా చేతులతో మోశాను. నాకు మానవత్వం లేదన్నట్టు మాట్లాడకండి.

ఓరుగల్లు చెరువు
ఇద్దరూ శాంతించండి. పెద్దవారు.

మూడో షిఫ్టు
నేను ప్రస్తుతం సర్వీసులో ఉన్న కానిస్టేబుల్‌ను. ఏ రాష్ట్రమో చెప్పను. ఛాతీ నొక్కే శిక్షణ మాకు ఇచ్చారు. బాగుంది, వచ్చింది. గుంపు ముందు నిలబడినప్పుడు మాకు కావలసింది వేరే. గేటు దగ్గర జనం వాలిపోతున్నారని నాకు ముందు తెలుస్తుంది, ఎందుకంటే తోపు నా ఒంటికి తగులుతుంది. వంద గజాల వెనక కుర్చీలో ఉన్నవారికి తెలియదు. గేటు మూయాలన్నా, తెరవాలన్నా వైర్‌లెస్ సెట్‌లో అడగాలి. సెట్‌లో అప్పటికే పది మంది మాట్లాడుతుంటారు.

పాత రైటరు
ఈ అబ్బాయి చెప్పింది చదివాక నేను ఇంతవరకు రాయని సంగతి రాయాలి.

చాలా ఏళ్ల కిందట ఒక జాతరలో నేను హెడ్ కానిస్టేబుల్‌గా వరుస మలుపు దగ్గర ఉన్నాను. చీకటి పడే వేళ. పిల్లలను జనం తలల మీదుగా ముందుకు అందిస్తున్నారు. అలా అందిస్తున్నారంటే కింద గాలి లేదని అర్థం. అది నాకు ఎవరూ నేర్పలేదు, చూస్తే తెలిసింది. వెనక నుంచి వదలడం ఆపమని సెట్‌లో మూడుసార్లు చెప్పాను. ప్రముఖులు వెళ్లేదాకా వరుస కదులుతూనే ఉండాలన్నారు. నాలుగోసారి అడగకుండా తాడు అడ్డం కట్టి ఆపేశాను. ఎవరూ చనిపోలేదు. ఒక ముసలమ్మ స్పృహ తప్పితే నీళ్లు చల్లి కూర్చోబెట్టాం. పది రోజులకు నాకు మెమో వచ్చింది, అనుమతి లేకుండా భక్తుల రాకపోకలకు ఆటంకం కలిగించానని. జవాబు రాసి రాసి ఏడాదిన్నర గడిచింది. ఎవరూ చనిపోలేదు కాబట్టి నేను చేసింది అవసరమేనని నిరూపించలేకపోయాను.

నేను శిక్షణకు వ్యతిరేకిని కాదమ్మా. తెలిసినవాడి చేతికి అధికారం ఇవ్వకుండా తెలివి మాత్రం ఇస్తే వాడికి మిగిలేది నరకం. జరగబోయేది చూస్తూ నిలబడాలి. మీరు నేర్పమంటున్నారు, నేర్పండి. ఆ పక్కనే ఒక లిఖితపూర్వక ఆదేశం ఉండాలి. “ఒత్తిడి ప్రమాదకరంగా ఉందని భావిస్తే, అక్కడున్న ఏ ర్యాంకు సిబ్బంది అయినా ప్రవాహాన్ని ఆపవచ్చు. అందుకు శాఖాపరమైన చర్య ఉండదు.” ఇంతే, రెండు వాక్యాలు.

రాత్రివార్డు
రైటరు గారూ, ఇందాక నేనన్న మాటల్లో “మీ శాఖ జబ్బు” అన్నది వెనక్కి తీసుకుంటున్నాను. మిగతావి తీసుకోను.

మీ రెండు వాక్యాలూ నాకు సమ్మతం, ఒక్క మాట తప్ప. “ఆపవచ్చు” కాదు, “ఆపాలి” అని ఉండాలి. మా వార్డులో మందు మోతాదు తప్పుగా కనిపిస్తే నర్సు డాక్టరును నిలదీయవచ్చు అని రాసి ఉన్నంతకాలం ఎవరూ అడగలేదు. ఇవ్వకుండా ఆపి తీరాలి అని మార్చాక కొత్తగా చేరిన అమ్మాయి కూడా అడుగుతోంది. ఆదేశం ఉంటే ధైర్యం దానంతట అదే వస్తుంది.

పాత రైటరు
“ఆపాలి” అని రాస్తే, ఆపనివాడి మీద రేపు కేసు. పెద్ద ప్రమాదం జరిగిన ప్రతిసారీ విచారణ వేస్తారు. అప్పుడు పైవారు ఆ వాక్యం చూపించి, ఆపాల్సిన బాధ్యత గేటు దగ్గరి కానిస్టేబుల్‌దే, వాడు ఆపలేదు అంటారు. 15 మందితో బందోబస్తు వేసిన సంగతి ఎవరూ అడగరు. మీ “ఆపాలి” మీ వార్డులో రక్షణ కావచ్చు. మా దగ్గర ఉరి అవుతుంది. ఆ మాటకు నేను ఒప్పుకోను.

నల్లకోటు
“ఆపాలి” అని పై అధికారికి, “ఆపవచ్చు” అని కింది సిబ్బందికి రాస్తే?

రాత్రివార్డు
పై అధికారి వంద గజాల వెనక ఉన్నారని మూడో షిఫ్టు గారు ఇప్పుడే చెప్పారు. కనపడనిదాన్ని ఆయన ఎలా ఆపుతారు? కింది నుంచి ఆపమని మాట వస్తే పై అధికారి అది కొట్టివేయకూడదు అని రాయాలి. ఎస్‌ఐలకు పరీక్ష కావాలని నేను అడిగింది ఇందుకే. నొక్కడం ఎలాగో వారికి తెలిస్తే, నొక్కుతున్నవాడి చెయ్యి తీయించరు.

మూడో షిఫ్టు
రైటరు గారు చెప్పినదే నాకు సరైనదనిపిస్తోంది. “ఆపవచ్చు” చాలు. ఆపుతాను.

బందరు రోడ్డు
తమ్ముడూ, నాన్న గాయం మీద చెయ్యి పెట్టిన ఆ అబ్బాయిది కూడా మీ వయసే. అతనికీ పెట్టవచ్చని తెలుసు. తీయమనగానే తీసేశాడు.