క్యాపిటలిజం, సెక్యులరిజం రెండూ ఒకటేనా? జర చెప్పుండ్రి

హన్మకొండ పోరడు: అన్నలూ గ్రూప్స్‌కు చదువుతున్న, నిన్న రూంల ఒకటే లొల్లి, ఒకడేమో క్యాపిటలిజం వచ్చినంకనే దేశం సెక్యులర్ అయిందంటడు, ఇంకోడు రెండూ ఒకటే అంటడు. అసలు తేడా ఏంది?

కాజీపేట జంక్షన్: తమ్మీ, ఒకటి పైసల ముచ్చట, ఇంకోటి మతం ముచ్చట. ఫ్యాక్టరీలు ప్రైవేటోళ్ల చేతుల ఉండి లాభం వాళ్లకే పోవుడు క్యాపిటలిజం. సర్కారు ఏ మతం దిక్కు ఒరగకుంట ఉండుడు సెక్యులరిజం. మన వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లు నిజాం కాలంల పెట్టిండ్రు, తర్వాత కేంద్రం కార్పొరేషన్ చేతికి పోయింది, గది ఆస్తి లెక్క, అండ్ల పనిచేసినోడు గుడికి పోయిండా మసీదుకు పోయిండా అనేదానితోని దానికేం పని? సౌదీల ప్రైవేట్ కంపెనీలు మస్తుగున్నయ్, సెక్యులర్ మాత్రం కాదు.

నర్సంపేట మిర్చి: కన్ఫ్యూజన్ ఏడ వస్తదంటే 1976ల 42వ సవరణతోని రాజ్యాంగం పీఠికల సోషలిస్ట్ (క్యాపిటలిజంకు ఎదురు మాట), సెక్యులర్ రెండూ ఒకేసారి చేర్చిండ్రు. కని మతస్వేచ్ఛ ఆర్టికల్స్ 25 నుంచి 28 దాక 1950 నుంచే ఉన్నయ్. 1991ల మన పీవీ సార్ ఫ్యాక్టరీల లైసెన్సులు చానా మటుకు తీసేసిండు, ఆ మతస్వేచ్ఛ ఆర్టికల్స్‌ను ముట్టనన్న ముట్టలే. మీ రూమ్మేట్‌కు గిది చూపియ్ 😄

హన్మకొండ పోరడు: మరి సోషలిస్ట్ అని రాసుకొని ప్రైవేట్ కంపెనీలెట్ల?

కాజీపేట జంక్షన్: మిక్స్‌డ్ ఎకానమీ, అంటే సర్కారు కంపెనీలు, ప్రైవేట్ కంపెనీలు రెండూ ఉండుడు. సింగరేణిల 51 శాతం రాష్ట్రానిది, 49 కేంద్రానిది, పక్కపొంటి ప్రైవేటోళ్లూ ఉంటరు.