‘సోల్డ్’కు ఆబ్జెక్ట్ ఏది: ‘గ్రౌండ్‌నట్సా’, ‘దట్టా’?

డీఎస్సీ అభ్యర్థిని, అనంతపురం:
నిన్న కోచింగ్‌లో ‘ది గ్రౌండ్‌నట్స్ దట్ మై ఫాదర్ సోల్డ్ వర్ వెట్’ అని బోర్డు మీద రాసి, ‘సోల్డ్’కు ఆబ్జెక్ట్ ఏదని అడిగారు. నేను ‘దట్’ అన్నాను. తప్పన్నారు, ‘గ్రౌండ్‌నట్స్’ అట. నాన్న అమ్మింది శెనక్కాయలే, నిజమే. వ్యాకరణంలో కూడా అంతేనా?

ప్రైమరీ టీచర్, కడప:
మీ సార్ చెప్పిందే సరి. ‘ఏం అమ్మాడు?’ అంటే ‘కాయలు’ అనే జవాబొస్తుంది. ‘దట్’ను ఎవరైనా అమ్ముతారా? ఇంతకంటే లోతుకు వెళ్తే పిల్లలకు టెన్షన్.

హైస్కూల్ ఇంగ్లీష్ టీచర్, కర్నూలు:
నేను ఒప్పుకోను మేడమ్. ‘గ్రౌండ్‌నట్స్’ ఇక్కడ ‘వర్’కు కర్త. కాయలు బహువచనం కాబట్టే ‘వర్’ వచ్చింది, ఒక్క బస్తా అయితే ‘వాజ్’ అయ్యేది. ‘సోల్డ్’కు రావాల్సిన కర్మ (ఆబ్జెక్ట్) చోటును ‘దట్’ తీసుకుంది. అందుకే ‘సోల్డ్’ తర్వాత మళ్లీ ‘దెమ్’ పెడితే తప్పవుతుంది.

పిల్లలకే ఇది ఎక్కువ అవసరం. ‘ది బాయ్ హూ హిట్ రవి’, ‘ది బాయ్ రవి హిట్’ చూడండి. తెలుగులో ‘రవిని కొట్టిన అబ్బాయి’, ‘రవి కొట్టిన అబ్బాయి’ అంటాం. దెబ్బ ఎవరికి తగిలిందో ఆ ఒక్క ‘ని’ చెప్పేస్తుంది. ఇంగ్లీషులో ‘ని’ లేదు, మాటల వరుసే దిక్కు. ‘హూ’ వెంటనే క్రియ వస్తే ‘హూ’ కర్త. మధ్యలో ‘రవి’ లాంటి వేరే కర్త దూరితే అబ్బాయి దెబ్బ తిన్నవాడు. ఇది పట్టుబడని పిల్లలు కాంప్రహెన్షన్‌లో దెబ్బ తిన్నవాణ్ణే కొట్టినవాడని రాస్తారు. ఏటా దిద్దుతున్నాను.

డీఎస్సీ అభ్యర్థిని, అనంతపురం:
‘దట్’ తీసేసి రాస్తే మరి ఆబ్జెక్ట్ ఏది సార్?

హైస్కూల్ ఇంగ్లీష్ టీచర్, కర్నూలు:
పైకి కనిపించదమ్మా, ఆ చోటు ఖాళీ. ‘నాన్న అమ్మిన కాయలు’లోనూ ‘అమ్మిన’కు విడిగా కర్మ లేదు, మనమే కలుపుకుంటాం. 2002లో వచ్చిన కేంబ్రిడ్జ్ ఇంగ్లీష్ వ్యాకరణంలో భాషావేత్తలు హడిల్‌స్టన్, పులమ్ ‘దట్’ ఉన్నా ఆ చోటు ఖాళీయే అంటారు. వాళ్ల లెక్కలో ‘దట్’ సర్వనామమే కాదు. ‘ది బ్యాగ్ ఇన్ విచ్’ అంటాం గానీ ‘ది బ్యాగ్ ఇన్ దట్’ అనం, కాబట్టి ఆ మాట తేలిగ్గా కొట్టేయలేను. పాత పద్ధతిలో మాత్రం నీ జవాబు సరైనదే. ‘దట్’ బదులు, సర్వనామమని అందరూ ఒప్పుకునే ‘విచ్’ పెట్టి రాసి మీ సార్‌కు చూపించు.

ప్రైమరీ టీచర్, కడప:
‘దెమ్’ పెట్టి చూశాను, నిజమే, చోటు లేదు. అయినా మా ఐదో తరగతికి ‘ఏం అమ్మాడు?’తోనే మొదలుపెడతాను.

హైస్కూల్ ఇంగ్లీష్ టీచర్, కర్నూలు:
పెట్టండి మేడమ్. మరుసటి రోజు రవి వాక్యాలు రెండూ బోర్డు మీద రాయండి.