మార్టినీ-హెన్రీని .315కి మార్పించాలా, ఉన్నదున్నట్టు ఉంచాలా?

మలక్‌పేట_పాతిల్లు:
తాతల నాటి మార్టినీ-హెన్రీ రైఫిల్ ఒకటుంది. లైసెన్సు నా పేరు మీదికి మారింది, బోరు (తూటా సైజు) .577/450 అనే రాసుంది. రిసీవర్ (బ్యారెల్ వెనక ఉక్కు పెట్టె) కుడివైపు కిరీటం, వి.ఆర్. (విక్టోరియా రాణి గుర్తు), ఎన్‌ఫీల్డ్ (బ్రిటిష్ తుపాకుల ఫ్యాక్టరీ), 1884, వాటి కింద మూడు రోమన్ గీతలు ఉన్నాయి. బ్యారెల్ లోపలి గాడులు స్పష్టంగానే కనిపిస్తున్నాయి, మూతి దగ్గర కొద్దిగా తుప్పు గుంటలు పడ్డాయి. తూటాలు మాత్రం సిటీలో ఎక్కడా లేవు. దొరికేవి .315, 12 బోరు. ఛాంబర్ (తూటా కూర్చునే గది) తోడి .315 చేసిస్తామని ఒకరు, 12 బోరు చేయించుకోమని ఇంకొకరు అంటున్నారు. ఏడాదికి నాలుగైదుసార్లు రేంజిలో పేల్చుకోవాలని కోరిక. ఏది సబబు?

లేత్_మేస్త్రి:
రెండూ వద్దు సార్. ఎందుకో కొలతల్లోనే ఉంది.

రీమర్ (రంధ్రాన్ని తోడి పెద్దది చేసే పనిముట్టు) లోహాన్ని తీయగలదు గానీ కలపలేదు. మీ తూటా అడుగు వ్యాసం 0.668 అంగుళాలు. .315 అంటే 8×50ఆర్ మాన్లికర్, దాని అడుగు 0.49 దగ్గర. ఇప్పుడున్న రంధ్రమే దానికి ఎక్కువైతే ఇంకేం తోడతారు? సన్న తూటా పెద్ద ఛాంబర్‌లో పేలితే ఇత్తడికి చుట్టూ ఆసరా ఉండదు. నిలువునా చీలుతుంది, గ్యాసు బ్లాకు (ఛాంబర్‌ని వెనక నుంచి మూసే దిమ్మ) సందుల్లోంచి పేల్చేవాడి ముఖం మీదికి తంతుంది. బుల్లెట్ సంగతీ అంతే. .315ది 0.323 అంగుళాలు, మీ బ్యారెల్ గాడుల దగ్గర 0.46 దాటుతుంది. గాడిని తాకకుండానే బయటపడుతుంది, ఇక గురి మాటెక్కడిది?

కాబట్టి "తోడిస్తాం" అన్నవాళ్లు నిజంగా చేయాల్సింది వేరు. బ్యారెల్ లోపల మొత్తం స్టీలు గొట్టం దిగేసి కొత్త ఛాంబర్ కోయాలి, లేదా బ్యారెల్ మొత్తం మార్చాలి. అంత చేసినా బలపడేది బ్యారెలే, యాక్షన్ (తూటాని మూసి పేల్చే భాగం) కాదు. అది 85 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే తూకపు చిన్న కొలత) నల్ల తుపాకీమందు, 480 గ్రెయిన్ల సీసం గుండు కోసం కట్టింది. బ్లాకు వెనక చివర ఒక పిన్ను మీద ఊగుతుంది. పేలిన దెబ్బంతా బ్లాకు వెనక గుండ్రటి అంచు మీదుగా రిసీవర్‌కి చేరుతుంది. నూట నలభై ఏళ్లలో ఆ అంచు, ఆ పిన్ను ఎంత అరిగాయో పైకి కనబడదు. అరిగిన కొద్దీ బ్లాకుకీ తూటా అడుక్కీ మధ్య సందు పెరుగుతుంది. పొగలేని తుపాకీమందు ఒత్తిడికి ఆ సందులో ఇత్తడి సాగి అడుగు తెగిపోవచ్చు.

బ్రిటిష్‌వాళ్లే .303 మార్టినీలు చేశారు కదా అని కొందరు వాదిస్తారు. నిజమే, 1889 నుంచి మార్టినీ-ఎన్‌ఫీల్డ్‌లు వచ్చాయి. కానీ వాళ్లు పాత ఛాంబర్ తోడలేదు. కొత్త బ్యారెల్ బిగించి, ఎక్స్‌ట్రాక్టర్ (పేలిన తూటాని బయటికి లాగే భాగం) మార్చి, ప్రూఫ్ (ఎక్కువ ఒత్తిడితో పేల్చి చూసే పరీక్ష) చేసి ఇచ్చారు. పైగా మొదటి .303లో ఉన్నదీ అదిమిన నల్ల తుపాకీమందే, కార్డైట్ అనే పొగలేని మందు తర్వాత వచ్చింది.

12 బోరుకి ఛాంబర్ వెనక 0.81 అంగుళాలు కావాలి, అంచుకి 0.88 పైన. గాడులన్నీ పోతాయి, ఛాంబర్ గోడ పల్చబడుతుంది, ఎక్స్‌ట్రాక్టర్ కొత్తది కావాలి. మిగిలేది ఒకసారికి ఒక్క తూటా పేల్చే నాసిరకం షాట్‌గన్. దానికోసం 1884 ఎన్‌ఫీల్డ్‌ని పాడుచేయడం నాకు మనసొప్పదు.

లైసెన్సు_కాగితం:
మేస్త్రి గారు ఇనుము సంగతి చెప్పారు, నేను చట్టం చెప్తాను. 1959 ఆయుధాల చట్టం 5వ సెక్షన్ ప్రకారం లైసెన్సు లేనివాళ్లు తుపాకీని అమ్మడమే కాదు, మార్చడం, రిపేరు చేయడం కూడా నేరమే. 2019 సవరణ తర్వాత దీనికి 25వ సెక్షన్ కింద కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. మీ లైసెన్సులో ఒక బోరు, చేతిలో ఇంకో బోరు ఉంటే జవాబు చెప్పుకోవాల్సింది మీరే. సిటీలో లైసెన్సింగ్ అధికారి పోలీస్ కమిషనర్, ఏ మార్పయినా ముందు అక్కడ రాతపూర్వకంగా తేలాలి.

"వందేళ్లు దాటింది, ఇక లైసెన్సు ఎందుకు" అనే మాట నమ్మకండి. 45వ సెక్షన్ మినహాయింపు పాతబడ్డ ప్రతి తుపాకీకీ కాదు, రిపేరు చేసినా చేయకపోయినా పేల్చడానికి పనికిరాని దానికి మాత్రమే. మీది పనిచేసే తుపాకీ. .303 చేయిద్దామని ఎవరైనా అంటే అక్కడే ఆపేయండి, పౌరులకు అది నిషిద్ధ బోరు.

రేంజిలో పేల్చాలనే కోరికకు దారుంది. ఒక మనిషికి రెండు తుపాకులు దాకా చట్టం ఒప్పుకుంటుంది, వారసత్వంగా వచ్చినది కూడా ఆ రెండింట్లోనే లెక్క. మార్టినీ ఒకటి పోగా రెండోదిగా .315 స్పోర్టింగ్ రైఫిల్‌కి దరఖాస్తు పెట్టుకోండి. అది ఆ తూటా కోసమే పుట్టింది.

మలక్‌పేట_పాతిల్లు:
అర్థమైంది, మార్చను. ఇది అసలైనదేనా అని ఎలా తేల్చుకోవాలి? ఉంచితే ఎలా ఉంచాలి?

లేత్_మేస్త్రి:
ముందు అక్షరాలు భూతద్దంతో చూడండి. ఖైబర్ కనుమ వైపు చేత్తో చేసిన నకళ్లలో ఎన్‌ఫీల్డ్ స్పెల్లింగ్ తప్పడం, ఇంగ్లీష్ 'ఎన్' తిరగబడటం, కిరీటం వంకరపోవడం మామూలే. ఆ నకళ్ల ఇనుము నమ్మదగింది కాదు, మార్పు మాట అటుంచి పేల్చడమే వద్దు.

తర్వాత లైసెన్సున్న గన్‌స్మిత్‌తో సెరోసేఫ్ (తక్కువ వేడికే కరిగే మిశ్రమ లోహం) పోయించి ఛాంబర్ అచ్చు తీయించండి. అచ్చును గంట తర్వాతే కొలవాలి, మొదట ముడుచుకుని ఆపైన వ్యాకోచించే లోహమది. బ్యారెల్ కొలతకి మెత్తటి సీసం ముక్క దూర్చి తీస్తారు. ఇక్కడే చాలామంది పొరబడతారు. హెన్రీ గాడులు ఏడు, బేసి సంఖ్య. ఒక గాడికి ఎదురుగా గాడి ఉండదు, మిట్ట ఉంటుంది. మామూలు మైక్రోమీటర్ పెడితే అసలు కంటే తక్కువ చూపిస్తుంది. దీనికి వి-ఆకారపు దిమ్మ ఉన్న మైక్రోమీటర్ కావాలి. ఈ కొలతలన్నీ కాగితం మీద రాయించి తుపాకీ పత్రాలతో పెట్టుకోండి.

ఉంచే విషయంలో, తోలు కవర్లో మాత్రం పెట్టకండి. తోలులోని ఆమ్లం, జులై-సెప్టెంబర్ తేమ కలిసి బ్యారెల్‌ని తినేస్తాయి. మెత్తటి గుడ్డతో పల్చగా నూనె రాస్తే చాలు. ఎర్రటి తుప్పు మీద ఇత్తడి ఊలు వాడండి, ఎమరీ కాగితంతో ముద్రలు రుద్దితే అవి మళ్లీ రావు. ఇంకొకటి, లివర్ దించిన ప్రతిసారీ మార్టినీ కాక్ అవుతుంది, అంటే స్ప్రింగు బిగిసి పేలడానికి సిద్ధమవుతుంది. రిసీవర్ కుడివైపు కన్నీటి చుక్కలాంటి చిన్న సూచిక ఉంది చూడండి. తుపాకీ కాక్ అయి ఉందో లేదో అది తిరిగిన తీరుని బట్టి తెలుస్తుంది. ఛాంబర్ ఖాళీ అని కంటితో, వేలితో చూసుకుని, స్నాప్ క్యాప్ (మందు లేని ఉత్తుత్తి తూటా) పెట్టి ట్రిగ్గర్ నొక్కి కాక్ దింపాకే బీరువాలో పెట్టండి. స్ప్రింగు ఏళ్ల తరబడి బిగిసి ఉండకూడదు.