ఒకే గదిలో రెండు తరగతులు: తెర కట్టించాలా, వద్దా?

ప్రశ్న (ఉపాధ్యాయిని, అనంతపురం జిల్లా)

పల్లెలో ప్రాథమిక పాఠశాల మాది. ఒకటి, రెండు తరగతులు ఒకే గదిలో నా దగ్గరే ఉన్నాయి. గది నిండా డ్యూయల్ డెస్కులు. బెంచీ, బల్ల ఒకే ఇనుప చట్రానికి బిగించి ఉండడంతో పిల్లలు వాటిని కదపలేరు. చిన్నవాళ్లకు అక్షరాలు దిద్దిస్తుంటే పెద్దవాళ్లు ఊరికే కూర్చుంటున్నారు. కథ చెబుదామంటే చుట్టూ కూర్చోబెట్టే జాగా లేదు. ప్లైవుడ్ తెరతో గదిని రెండు చేయిస్తామని ఊళ్లో ఒక దాత ముందుకొచ్చారు. ఒప్పుకోమంటారా?

జవాబు (విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, కడప)

అమ్మా, తెర వద్దు. ప్లైవుడ్ చూపును ఆపుతుంది గానీ శబ్దాన్ని ఆపదు. పైన జానెడు సందు ఉన్నా అవతలి ఎక్కాలు ఇవతల వినిపిస్తాయి. ఒక భాగానికి కిటికీ వెలుతురు తగ్గుతుంది. అన్నిటికీ మించి, ఉన్న ఒక్క టీచరుకు సగం పిల్లలు కనబడకుండా పోతారు.

ఆ డెస్కులో ఆరేళ్ల పిల్లను ఒకసారి దగ్గరగా చూడండి. కాళ్లు నేలకు అందవు. బల్ల అంచు ఛాతీకి తగులుతుంది. రాయాలంటే మోచేతులు భుజాల దాకా లేస్తాయి. అలా కూర్చుని 'ఝ' గుండ్రంగా రావాలంటే ఎలా వస్తుంది? 1907లో రోమ్‌లో తన తొలి బడి తెరిచిన ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి, పిల్లలే మోసుకోగల తేలిక బల్లలు, కుర్చీలు చేయించారు. మనకు అంత ఖర్చు కూడా అక్కరలేదు, కింద చక్కటి బండలు ఉన్నాయి.

సగం గదిని ఖాళీ చేసి నేలను పిల్లలకు ఇవ్వండి. గోడల కింది భాగంలో, నేలకు అడుగు ఎత్తు నుంచి మూడడుగుల దాకా బ్లాక్‌బోర్డ్ పెయింట్ వేయించండి. ఒక్కొక్కరికి రెండడుగులు పంచి గీత గీయండి. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ విద్యాసంస్థ వారి పల్లె బడుల్లో, వేర్వేరు తరగతుల పిల్లలు కలిసి కూర్చుని, కార్డుల సాయంతో ఎవరి వేగంలో వారు నేర్చుకునే పద్ధతి రూపుదిద్దుకుంది. తమిళనాడు ప్రభుత్వ బడులు దాన్ని చూసే తమ పద్ధతిని మలచుకున్నాయి, అక్కడ పిల్లలకు అందే ఎత్తులో గోడ మీద నల్లబల్లలు పెట్టించారు. పలకలైతే ఒక్కొక్కటీ వంగి చూడాలి. గోడ మీద రాస్తే, మీరు రెండో తరగతికి లెక్క చెబుతూనే ఎవరి చేయి ఎక్కడ ఆగిందో చూడగలరు.

జవాబు (బండల పని చేయించే మేస్త్రీ, కర్నూలు)

సార్ చెప్పింది నిజం. నా వైపు నుంచి రెండు మాటలు. నాపరాయి నేల చల్లగా ఉంటుంది గానీ శబ్దాన్ని పీల్చుకోదు. పిల్లలు గుంపులుగా మాట్లాడితే గది మోగుతుంది. మందపాటి జంపఖానాలు పరిస్తే చాలావరకు తగ్గుతుంది, చలికాలం పొద్దున పూట పిల్లలకు కింద చలి కూడా తగలదు. కూర్చోబెట్టే ముందు బండల సందులు సిమెంటుతో పూడ్పించండి మేడమ్, మన ప్రాంతంలో తేళ్లు అక్కడే చేరతాయి.

వరండా ఏ దిక్కున ఉంది? తూర్పున ఉంటే ఒంటిపూట బడులప్పుడు ఎండ నేరుగా పడుతుంది, అక్కడ కూర్చోబెట్టలేరు. ఉత్తరాన ఉంటే దాన్నే ఇంకో గదిగా వాడుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు

వరండా ఉత్తరానే ఉందండీ. కథల గుంపును అక్కడికే పంపుతాను. మరి డెస్కులు ఎక్కడ పెట్టమంటారు? ప్రభుత్వ ఆస్తి కదా.

జవాబు (విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, కడప)

పారేయవద్దమ్మా. నాలుగు, ఐదు తరగతుల పిల్లలకు అవి సరిపోతాయి, ఆ గదికి మార్చండి. ఏ గదిలో ఎన్ని ఉన్నాయో స్టాక్ రిజిస్టరులో రాసి, యాజమాన్య కమిటీ తీర్మానం పెట్టించండి. రెండు మాత్రం గోడకు ఆనించి ఉంచుకోండి, కార్డులూ పుస్తకాలూ పెట్టుకోవడానికి. దాతతో పెయింట్, జంపఖానాల సంగతి మాట్లాడే ముందు గోడలకు వాన చెమ్మ ఉందేమో చూడండి. చెమ్మ ఉంటే పెయింట్ పొరలుగా లేచిపోతుంది, ముందు దాన్ని బాగుచేయించండి.