పది నెలల పాపకు డే కేర్‌కు పంపే ఉదయపు ఫలహారం: చేత్తో పట్టుకుని తినగలిగేవి ఏవి?

ప్రశ్న – బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా

అందరికీ నమస్కారం. మా పాపకు పది నెలలు నిండాయి. నేను మళ్లీ ఉద్యోగంలో చేరడంతో ఉదయం ఎనిమిదిన్నరకు డే కేర్‌లో దింపి, సాయంత్రం తిరిగి తీసుకువస్తున్నాను. ఇంటి దగ్గర పాలు మాత్రమే తాగి బయలుదేరుతుంది కాబట్టి ఉదయపు ఫలహారం అక్కడే, సుమారు పది గంటలకు పెడతారు. ఇంతకాలం చోడి (రాగి) జావ, మెత్తగా చిదిమిన పప్పన్నం చెంచాతో తినిపించేవాళ్లం. ఇప్పుడు చెంచా కనబడితే చాలు మొహం తిప్పేసుకుంటోంది. పళ్లెంలోది తానే తీసుకుని నోట్లో పెట్టుకోవాలని పట్టు పడుతోంది.

డే కేర్‌లో పిల్లలు ఎక్కువ, చూసే మౌసీలు (ఆయాలు) తక్కువ. జావ తాగకపోతే పాలలో ముంచిన బిస్కెట్టు చేతికిస్తున్నారని తెలిసింది. అంతమందిని చూసుకుంటూ ఒక్కొక్కరినీ బుజ్జగించి తినిపించడం వాళ్లకు కుదరదని నాకూ తెలుసు. అందుకే పాప తానే పట్టుకుని తినగలిగేవి పంపాలనుకుంటున్నాను. ఇడ్లీ పంపితే పొడిపొడిగా రాలిపోయి గొంతుకు అడ్డం పడుతోందట. అట్టు పంపితే తోలులా సాగుతోందట. అక్కడ వేడి చేసే వీలు లేదు. పైన రెండు, కింద రెండు పళ్లు వచ్చాయి. గుడ్డు పెట్టవచ్చా? మా అత్తగారు అన్నింటిలోనూ కాస్త బెల్లం వేయమంటున్నారు, అది మంచిదేనా?

సమాధానం – పర్లాకిమిడి

చెల్లెమ్మా, వంటకం మార్చనక్కరలేదు, వండే తీరు కొద్దిగా మార్చుకుంటే సరిపోతుంది. ఇడ్లీ చల్లారాక రాలిపోతోందంటే మినపపిండి తక్కువైందనో, రవ్వ మరీ ముతకగా ఉందనో అర్థం. పాప కోసం తీసే పిండిలో ఉప్పు కలపకముందే రెండు గరిటెలు పక్కకు తీసి, అందులో ఆవిరిపై ఉడికించి మెత్తగా మెదిపిన గుమ్మడికాయ గానీ చిలగడదుంప గానీ కలపండి. ఆ తడి వల్ల ఇడ్లీ చల్లారినా మెత్తగానే ఉంటుంది, తీపి కూడా దానంతట అదే వస్తుంది కాబట్టి బెల్లం అవసరం పడదు. బెల్లం పంచదార కన్నా మంచిదని మన పెద్దలు అనుకుంటారు గానీ, ఏడాది లోపు బిడ్డకు రెండూ అనవసరమే. తేనె అయితే ఏడాది నిండే వరకు నాకించడం కూడా వద్దు. అందులో ఉండే అవకాశమున్న ఒక రకం సూక్ష్మజీవి పసిపిల్లల పేగుల్లో పెరిగి బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తెస్తుంది.

అట్టు తోలులా సాగడానికి కారణం అది పలచగా ఉండడమే. చిన్న మూకుడులో దిబ్బరొట్టెలా మందంగా పోసి, మూత పెట్టి సన్నని సెగ మీద ఉడకనిచ్చి, కరకరలాడే అంచులు కోసేసి, మధ్యభాగాన్ని మన చిటికెనవేలంత పొడవు ముక్కలుగా కోయండి. పెసరపిండిలో సన్నగా తరిగిన లేత మునగాకు కలిపి ఇదే పద్ధతిలో చేస్తే చాలా బాగుంటుంది. పొడవు ముక్కయితే గుప్పిట్లో పట్టుకున్నా పై కొస బయటికి ఉంటుంది, పిల్ల దాన్ని కొరుక్కుంటుంది. బొటనవేలు, చూపుడువేలు కలిపి చిన్న వస్తువును ఏరుకోవడం ఈ వయసుకు వచ్చేస్తుంది కాబట్టి, కొన్ని ముక్కలు సెనగగింజ కన్నా కాస్త పెద్దవిగా కూడా కోసి పెట్టండి, కానీ అవి కూడా నలిగేంత మెత్తగా ఉండాలి. ఏది పంపినా ముందు ఒక ముక్కను మీ రెండు వేళ్ల మధ్య పెట్టి నొక్కి చూడండి. పెద్దగా బలం పెట్టకుండానే ముద్దయిపోతే పంపవచ్చు.

సమాధానం – జయపురం, కోరాపుట్ జిల్లా

నేను పిల్లల వార్డులో నర్సును. అమ్మా, గుడ్డు తప్పకుండా పెట్టవచ్చు. పచ్చసొన, తెల్లసొన రెండూ పూర్తిగా ఉడకాలి. పాలు, ఉప్పు వేయకుండా గిలకొట్టి మందంగా అట్టు వేసి పొడవుగా కోస్తే పట్టుకోవడానికి వీలుగా ఉంటుంది. అయితే ఏ కొత్త పదార్థమైనా మొదటిసారి డే కేర్‌లో పెట్టకూడదు. సెలవు రోజు ఉదయం ఇంట్లో కొద్దిగా పెట్టి, దద్దుర్లు, పెదవుల వాపు, వాంతులు లేవని చూసుకున్నాకే డబ్బాలో పెట్టండి. వేరుశనగ కూడా అంతే. గింజలుగా ఐదేళ్లు వచ్చే వరకు ఇవ్వకూడదు గానీ, మెత్తని పొడి చేసి ఇడ్లీ పిండిలో కలిపితే మంచిదే. అలర్జీ వచ్చే అవకాశం ఎక్కువున్న పిల్లలకు వేరుశనగను ఏడాది లోపే మొదలుపెడితే ఆ అలర్జీ రావడం బాగా తగ్గుతుందని 2015లో వెలువడిన లీప్ అధ్యయనం చూపింది. పాపకు తీవ్రమైన ఎగ్జిమా (చర్మం పొడిబారి, ఎర్రబడి దురద పెట్టే జబ్బు) గానీ గుడ్డు అలర్జీ గానీ ఉంటే మాత్రం ముందు పిల్లల డాక్టరును అడగండి.

ఇనుము గురించి ఎవరూ అడగరు, నేను చెప్పకుండా ఉండలేను. తల్లి నుంచి బిడ్డ తెచ్చుకున్న ఇనుము నిల్వ ఆరు నెలలు దాటేసరికి తగ్గిపోతుంది, తల్లిపాలలో అది తక్కువే ఉంటుంది. మన చోళ్లలో కాల్షియం నూరు గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాములు ఉంటుంది కానీ, ఇనుము అంత తేలిగ్గా ఒంటికి పట్టదు. చోళ్లను నానబెట్టి, మొలక కట్టించి, ఎండబెట్టి మర పట్టిస్తే ఆ అడ్డు కొంత తగ్గుతుంది. పప్పు, మునగాకు, చోడిపిండి పెట్టిన పూట బొప్పాయి ముక్క, లేదా పైపొర, గింజలు తీసేసిన కమలా తొన కూడా ఉంటే, సి విటమిన్ వల్ల ఇనుము మరింత పడుతుంది. ఏడాది లోపు ఆవుపాలను ప్రధాన పానీయంగా ఇవ్వకండి. టీ చుక్క కూడా వద్దు, ఉన్న ఇనుమును కూడా పట్టనివ్వదు.

గుండ్రంగా, గట్టిగా ఉండేవి, నోట్లో జారిపోయేవి ప్రమాదకరం. ద్రాక్షను నిలువునా నాలుగు చీలికలు చేయకుండా ఇవ్వకండి. పచ్చి క్యారెట్టు, పచ్చి యాపిల్, వేయించిన సెనగలు, పాప్‌కార్న్ వద్దు. పిల్లలు కొత్త ముద్దకు ఓకరించి, దగ్గి, ఎర్రబడడం మామూలే, అప్పుడు శబ్దం ఉంటుంది. శబ్దం లేకుండా, ఊపిరి ఆడక, పెదవులు నల్లబడితే అది గొంతుకు అడ్డం పడడం. ఏడాది లోపు బిడ్డనైతే ముంజేతి మీద తల కిందికి వాలేలా బోర్లా పడుకోబెట్టి, వీపు మీద రెండు రెక్కల మధ్య అరచేతి మొదలుతో 5 సార్లు గట్టిగా తట్టాలి, తరువాత వెల్లకిలా తిప్పి ఛాతీ మధ్యన 5 సార్లు నొక్కాలి, అడ్డు బయటపడే వరకు ఇలాగే మార్చి మార్చి చేస్తూ ఇంకొకరి చేత 108కి ఫోన్ చేయించాలి. కనిపించని ముక్క కోసం వేలు పెట్టి వెతకకూడదు. మీ డే కేర్‌లో ఇది ఎవరికి వచ్చో ఒకసారి కనుక్కోండి.

సమాధానం – రాయగడ

నేను మనవల్ని ఎత్తుకునే వయసువాణ్ని. మా పిల్లలు పాలలో నానబెట్టిన బిస్కెట్లు, టీలో వేసిన మరమరాలు తినే పెరిగారు, ఇప్పుడు నిక్షేపంలా ఉన్నారు. ఇంత లెక్క చూసుకుంటే ఉద్యోగం చేసే ఆడపిల్ల తెల్లవారుజామున మూడింటికి లేవాలి. అమ్మా, కంగారు పడకు, పిల్ల ఆకలేస్తే తింటుంది.

సమాధానం – గుణుపురం, రాయగడ జిల్లా

బాబాయిగారూ, ఎప్పుడో ఒకటి బిస్కెట్టు తింటే ఏమీ కాదు, మీరన్నది నిజమే. కానీ రోజూ అదే ఫలహారమైతే పంచదార, మైదా, నూనెతో కడుపు నిండి అసలు తిండికి చోటుండదు. టీ సంగతి నర్సుగారు చెప్పారు.

నేను ఇంటి దగ్గర చిన్న డే కేర్ నడుపుతున్నాను కాబట్టి అవతలి వైపు నుంచి చెబుతాను. చాలామంది తల్లులు రుచి గురించి ఆలోచిస్తారు గానీ, డబ్బా ఎన్ని గంటలకు కట్టారు, ఎన్ని గంటలకు తెరుస్తారు అన్నది పట్టించుకోరు. వండిన పదార్థం బయట రెండు గంటలకు మించి ఉండకూడదు, గది వేడి 32 డిగ్రీలు దాటితే గంటే. మన వైపు ఎండాకాలం ఉదయం తొమ్మిదికే ఆ వేడి వచ్చేస్తుంది. మీరు ఏడున్నరకు కట్టిన డబ్బా పదింటికి తెరిస్తే అది ఏ కాలంలోనైనా ఆలస్యమే. అందుకని పాపకు మాత్రం రాగానే, అంటే ఎనిమిదిన్నర, ఎనిమిదిముప్పావు మధ్య పెట్టమని అడగండి. మేమైతే అలా అడిగినవారికి కాదనము, ఆ సమయంలో పిల్లలు ఇంకా ఒక్కొక్కరుగా వస్తూ ఉంటారు, చేతులు ఖాళీగానే ఉంటాయి. వేసవిలో ఆ గంట కూడా దాటుతుందనుకుంటే వెడల్పు మూతి ఉన్న ఫ్లాస్కులో మరిగే నీళ్లు పోసి కాసేపు ఉంచి, పారబోసి, పొగలు కక్కే ఇడ్లీ ముక్కలు అందులో పెట్టి వెంటనే బిగించండి. తినే ముందు పళ్లెంలో ఆరబెట్టి ఇస్తారు. మామూలు డబ్బాకు మాత్రం ఇది పనికిరాదు. వేడివేడిగా మూత పెడితే ఆవిరి నీరై ముక్కలు మెత్తబడిపోతాయి. ముక్కలు చల్లారగానే కొద్దిగా నెయ్యి రాసి మూసేయండి.

అన్నింటికన్నా తేలికైనది అరటిపండు. ఒలవకుండా పంపండి. మేము ఇక్కడ సగానికి కోసి, కింద కాస్త తొక్క ఉంచి చేతికిస్తే పిల్లలు ఆ తొక్క పట్టుకుని పైభాగం తింటారు, పండు జారదు, నల్లబడదు.

ఇంకొకటి, డబ్బా మీద ఒడియాలో చిన్న చీటీ అంటించండి: పాప పేరు, కూర్చోబెట్టి మాత్రమే పెట్టాలని, మిగిలింది పారేయాలని. ఒక్కోసారి మిగిలిన ముక్కల్ని మధ్యాహ్నం మళ్లీ పెట్టే అలవాటు మౌసీలకు ఉంటుంది, అది మంచి మనసుతో చేసేదే గానీ, ఎంగిలి తగిలిన ముక్క తొందరగా పాడవుతుంది.

మళ్లీ ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. రాగానే పెట్టడానికి డే కేర్‌వారు ఒప్పుకున్నారు. కానీ గుడ్డు లోపలికి తేకూడదన్నారు. అలాంటప్పుడు ఇనుము సంగతి ఎలా, నర్సుగారూ?

జయపురం నుంచి

గుడ్డు గానీ, ముళ్లు జాగ్రత్తగా ఏరేసిన చేప గానీ సాయంత్రం ఇంట్లో పెట్టండి, రోజు మొత్తం మీద ఒక పూట అందితే చాలు. ఉదయం డబ్బాలో పెసరపిండి, మునగాకు దిబ్బరొట్టె ఒక రోజు, మొలక చోడిపిండి, గుమ్మడి కలిపిన ఇడ్లీ ఒక రోజు, మెత్తగా ఉడికిన కందిపప్పును అన్నంతో మెదిపి వేలంత ఉండలుగా చుట్టి ఒక రోజు పంపండి, పక్కన బొప్పాయి ఉండాలి. మళ్లీ టీకాకు తీసుకువెళ్లినప్పుడు ఇనుము చుక్కలు ఇవ్వాలో లేదో డాక్టరునే అడగండి, మోతాదు బరువును బట్టి ఉంటుంది కాబట్టి దుకాణంలో అడిగి కొనవద్దు.