తక్కువ బడ్జెట్‌లో ఇంట్లో రికార్డింగ్: ముందు ఏం కొనాలి?

ప్రశ్న:
అందరికీ నమస్తే. నేను పాడతాను, అకౌస్టిక్ గిటార్ కూడా వాయిస్తాను. ఇప్పటిదాకా ఫోన్‌లోనే రికార్డ్ చేస్తున్నా, కానీ గొంతు ఎక్కడో ఖాళీ గదిలోంచి వస్తున్నట్టు ఉంటోంది. ల్యాప్‌టాప్ ఉంది, ఎక్కువ డబ్బు పెట్టలేను. యూఎస్‌బీ మైక్ సరిపోతుందా, లేక ఇంటర్‌ఫేస్ (మైక్‌ని ల్యాప్‌టాప్‌కి కలిపే పెట్టె) తీసుకుని వేరే మైక్ పెట్టాలా? మైక్ రకాల్లో కండెన్సరా డైనమిక్కా? ఒక్కో వీడియోలో ఒక్కోటి చెప్తున్నారు, ఎవరైనా తేల్చి చెప్పండి ప్లీజ్.

రిప్లై 1:
గిటార్ కూడా ఉందంటున్నారు కాబట్టి రెండు ఇన్‌పుట్‌ల ఇంటర్‌ఫేస్ తీసుకోండి, స్కార్లెట్ 2ఐ2 లాంటిది, సెకండ్ హ్యాండ్ అయినా పర్లేదు. కాకపోతే మీ ల్యాప్‌టాప్‌కి దాని డ్రైవర్ ఇంకా దొరుకుతోందో లేదో, గెయిన్ నాబ్ (మైక్ సౌండ్ పెంచే తగ్గించే మీట) తిప్పితే గరగర వస్తోందేమో చూసుకోండి. యూఎస్‌బీ మైక్ తప్పని కాదు, కానీ రేపు రెండో మైక్ కావాలంటే దానితో తలనొప్పే. గది మోగుతుంటే ఎస్‌ఎమ్58 లాంటి డైనమిక్ మైక్ బెటర్, 1966 నుంచీ వస్తున్న మైక్ అది, ఇప్పటికీ కొనదగ్గదే. కండెన్సర్‌లో గిటార్ తీగల మెరుపు బాగా వస్తుంది, దానికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (మైక్ కేబుల్ ద్వారానే అందే కరెంటు) కావాలి, అది ఇంటర్‌ఫేసే ఇస్తుంది.

రిప్లై 2:
మైక్ సంగతి తర్వాత అండీ, ముందు గది చూడండి. గొంతు దూరంగా వినిపిస్తోందంటే గోడలకి తగిలి తిరిగొచ్చే సౌండ్ ఎక్కువ పడుతోందన్నమాట, ఎంత ఖరీదైన మైక్ పెట్టినా అది పోదు. కార్డియాయిడ్ మైక్ (ఎస్‌ఎమ్58 లాంటివి ఈ రకమే) ముందు వైపు వింటుంది, అంటే మీ వీపు వెనక గోడ నుంచి వచ్చేదంతా నేరుగా దాన్లోకే వెళ్తుంది, అందుకే మందపాటి దుప్పట్లు మీ వెనక వేలాడదీయండి. గుడ్ల అట్టలు మాత్రం అతికించకండి, పెద్దగా ఉపయోగం ఉండదు. మైక్‌కి జానెడు దూరంలో పాడండి, మైక్‌ని నోటికి ఎదురుగా కాకుండా కొంచెం పక్కకి తిప్పితే "ప", "భ" దగ్గర గాలి దెబ్బ తగలదు. గిటార్‌కైతే 12వ ఫ్రెట్ (మెడ మీది అడ్డ కమ్మీ) దగ్గరికి, ఒక అడుగు దూరంలో గురి పెట్టండి, మధ్యలో రంధ్రానికి ఎదురుగా పెడితే గుమ్ గుమ్ అని బేసే వస్తుంది.

రిప్లై 3:
సాఫ్ట్‌వేర్‌కి డబ్బు పెట్టక్కర్లేదు. మ్యాక్ అయితే గ్యారేజ్‌బ్యాండ్ చాలు, లేదంటే రీపర్ 60 రోజులు ఫ్రీగా, ఏదీ లాక్ చేయకుండా ఇస్తారు. రికార్డింగ్ సెట్టింగ్‌లో 24 బిట్ పెట్టుకుని గట్టిగా పాడినప్పుడు కూడా మీటర్ మైనస్ 12 డీబీ దగ్గర ఉండేలా గెయిన్ తిప్పండి, ఒక్కసారి క్లిప్ అయితే (సౌండ్ హద్దు దాటి పగిలితే) ఆ టేక్‌ని బాగుచెయ్యడం చాలా కష్టం. మీ గొంతు మీకు ఆలస్యంగా వినిపిస్తే సాఫ్ట్‌వేర్ సెట్టింగ్స్‌లో బఫర్ (ఒక్కో విడతకి కూడబెట్టే సౌండ్ ముక్క సైజు) 128కి తగ్గించండి, లేదా ఇంటర్‌ఫేస్‌లో డైరెక్ట్ మానిటర్ (ల్యాప్‌టాప్‌లోకి వెళ్లకుండా గొంతు నేరుగా హెడ్‌ఫోన్స్‌కి వచ్చే దారి) ఆన్ చెయ్యండి. హెడ్‌ఫోన్స్ క్లోజ్డ్ బ్యాక్‌వే (వెనక మూసి ఉండేవి) తీసుకోండి, లేకపోతే క్లిక్ ట్రాక్ (తాళం కోసం చెవిలో వినిపించే చప్పుడు) టిక్కు టిక్కుమని మైక్‌లోకి వచ్చేస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
థాంక్యూ సో మచ్ అండీ అందరికీ! దుప్పట్లు కట్టి ఫోన్‌తోనే ట్రై చేశా, నిజంగానే గొంతు దగ్గరికొచ్చింది. కానీ ఇప్పుడు ల్యాప్‌టాప్ ఫ్యాన్ హోరు తెలుస్తోంది, ఇంటర్‌ఫేస్ కొన్నాక కూడా ఇంతేనా?

రిప్లై 2:
ఫోన్ మైక్ అన్ని వైపులా వింటుంది కాబట్టి అలా ఉంది. కార్డియాయిడ్ వచ్చాక ల్యాప్‌టాప్‌ని సరిగ్గా మైక్ వెనక వైపు, కేబుల్ అందినంత దూరంలో పెట్టండి, అటు వైపు అది అసలు సరిగా వినదు. ల్యాప్‌టాప్‌ని మాత్రం దుప్పటి మీద పెట్టకండి, వేడెక్కి ఫ్యాన్ ఇంకా గట్టిగా తిరుగుతుంది.