డ్రిల్లింగ్ మెషిన్ దగ్గర గ్లౌజులు వేసుకోవాలా, వద్దా? ఓనర్‌తో గొడవైంది

కల్లూరు ఆపరేటర్:
అందరికీ నమస్కారం. మాది కర్నూలు కల్లూరు ఎస్టేట్ వైపు ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డు. పదకొండేళ్లుగా రేడియల్ డ్రిల్ (ఇనుప ప్లేట్లకు రంధ్రాలు వేసే పెద్ద మెషిన్) మీద ఉన్నాను. మనిషి తక్కువైతే ప్లేట్లు కోసే షియరింగ్ మెషిన్ కూడా నేనే చూసుకుంటాను. గని-శకునాల సోలార్ పార్కు వచ్చిన కాడి నుంచి మా పక్క షెడ్లకు స్ట్రక్చర్ల పని బాగానే దొరుకుతోంది, ఇప్పుడూ స్తంభాల అడుగున బిగించే బేస్ ప్లేట్ల ఆర్డరే నడుస్తోంది. పోయిన వారం ఆర్డరిచ్చిన పార్టీ మనుషులు వచ్చి షెడ్డంతా చూసిపోయారు. మర్నాడే మా ఓనర్ గోడకు కాగితం అంటించాడు: ఏ మెషిన్ దగ్గరైనా గ్లౌజులు లేకుంటే రోజుకు యాభై రూపాయలు కట్. షియరింగ్ దగ్గర ఎవరూ చెప్పకపోయినా వేసుకుంటాను. డ్రిల్ దగ్గర మాత్రం వేసుకోనన్నాను. "నీకొక్కడికే వేరే రూలా?" అంటున్నాడు. నాది మొండితనమా? చెప్పండి.

షెడ్డు ఓనర్:
నాదీ చిన్న షెడ్డే, పన్నెండు మంది పనిచేస్తారు. మీ ఓనర్ బాధ నాకు తెలుసు. ఈ మెషిన్‌కు వేసుకో, ఆ మెషిన్‌కు తీసెయ్ అంటే సాయంత్రానికి ఎవడి చేతికీ గ్లౌజు ఉండదు. ఒకటే రూలు పెడితేనే నిలబడుతుంది. మా దగ్గర తెగే చేతుల్లో సగానికి పైగా ప్లేటు అంచు వల్లే తెగుతాయి. కోసిన ప్లేటు బర్ (అంచున మిగిలే పదును) బ్లేడు లాగే ఉంటుంది కదా. ఆపరేటర్ అన్న పదకొండేళ్ల అనుభవాన్ని కాదనను, కానీ పక్కన హెల్పర్ నిన్ను చూసే నేర్చుకుంటాడు.

పాత టర్నర్:
ఓనర్ గారూ, మీరు చెప్పింది ప్లేటు మోసే పనికి నూటికి నూరు పాళ్లు నిజం. తిరిగే మెషిన్‌కు మాత్రం అది తలకిందులవుతుంది. లెక్క చూడండి. 18 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్టు, మైల్డ్ స్టీలు, నిమిషానికి 25 మీటర్ల కటింగ్ స్పీడ్ అనుకుంటే దాదాపు 440 ఆర్పీఎం. అంటే సెకనుకు ఏడు చుట్లు. గ్లౌజు దారం చిక్కిందని మీకు తెలిసేలోపే రెండు మూడు చుట్లు చుట్టేసి ఉంటుంది. ఒట్టి చెయ్యి తగిలితే తోలు లేస్తుంది, తెగుతుంది, కానీ చాలాసార్లు చెయ్యి బయటికి వస్తుంది. గ్లౌజు చిక్కితే చెయ్యి దానితో పాటే లోపలికి పోతుంది.

నా కళ్లతో చూసింది చెప్తాను. నా పక్క మెషిన్ అతను తెల్ల కాటన్ గ్లౌజు వేసుకుని డ్రిల్ చేస్తున్నాడు. బిట్టు నుంచి స్ప్రింగులాగా పొడుగు చిప్ (ఇనుప తురుము) వస్తుంటే దాన్ని తప్పిద్దామని చెయ్యి పెట్టాడు. ఆ చిప్ కొన గ్లౌజు మణికట్టు దగ్గరి అల్లికలో దిగింది. అంతే. అరుపు కూడా ఆలస్యంగా వచ్చింది. నేను స్విచ్ కొట్టేసరికి గ్లౌజు బిట్టుకు పిండిన గుడ్డలాగా చుట్టుకుని ఉంది. బొటనవేలు దానిలోనే ఉండిపోయింది.

2025 దాకా అమల్లో ఉన్న 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో 22వ సెక్షన్ తీసి చూడండి. తిరుగుతున్న మెషిన్ దగ్గరికి పోయి పని చూడాల్సిన మనిషికి ఒంటికి అతుక్కున్న బట్టలు ఉండాలి, అవి యజమానే ఇవ్వాలి అని రాసింది. వదులుగా వేలాడేది ఏదైనా ప్రమాదమేనని ఆ రోజుల్లోనే తెలుసు.

కొత్త హెల్పర్:
అన్నా, మరి ఇప్పుడు కట్ కాని గ్లౌజులు వస్తున్నాయి కదా? బ్లేడుతో గీసినా తెగవంట. అవి వేసుకుంటే?

పాత టర్నర్:
నాయనా, అదే కదా ఇంకా ప్రమాదం. అది తెగదు. తెగేది నీ వేలే.

ప్రెస్ బ్రేక్ మనిషి:
నేను అనంతపురంలో ప్లేట్లు వంచే బెండింగ్ మెషిన్ మీద చేస్తాను. డ్రిల్ చేసేటప్పుడు పల్చటి రబ్బరు గ్లౌజు వాడతాను, ఆయిల్ అంటదు, చిక్కితే చిరిగిపోతుంది. ఇప్పటిదాకా ఏమీ కాలేదు. మీరంతా ఊరికే టెన్షన్ పడుతున్నారేమో.

పాత టర్నర్:
ఇప్పటిదాకా కాలేదు, సరే. చిరిగే ముందు ఒక చుట్టు చుట్టదని గ్యారంటీ ఏముంది? ఆయిల్ సంగతైతే పని అయ్యాక సబ్బు ఉంది.

షెడ్డు ఓనర్:
సరే, డ్రిల్ వరకు ఒప్పుకుంటాను. నా ప్రశ్నకు మాత్రం ఎవరూ జవాబు చెప్పలేదు. గ్లౌజు వద్దన్న ఆపరేటర్లే ఒట్టి చేత్తో చిప్స్ ఊడుస్తారు. బ్రష్ కొనిచ్చాను, అది కూలెంట్ డబ్బా వెనక కొత్తగానే ఉంది. రెండోది, చిన్న ప్లేటును క్లాంప్ చెయ్యకుండా, అంటే టేబుల్‌కు బిగించకుండా, ఎడమచేత్తో పట్టుకుని రంధ్రం వేస్తారు. బిట్టు అవతలికి దిగేటప్పుడు ప్లేటును పట్టేస్తే అది ఫ్యాన్ రెక్కలాగా తిరుగుతుంది. అప్పుడు గ్లౌజు ఉన్నా లేకున్నా ఒకటే. ఆపరేటర్ అన్నా, నిజం చెప్పు, నువ్వు ప్రతి ప్లేటూ క్లాంప్ చేస్తావా?

కల్లూరు ఆపరేటర్:
అడిగావు కాబట్టి చెప్తాను. చెయ్యను. ప్లేటుకు నాలుగు రంధ్రాలు, మాకు కూలి లెక్క ప్లేటు మీదే. క్లాంప్ బిగించి విప్పేసరికి నా రేటు పోతుంది. బ్రష్ విషయం కూడా నిజమే, చెయ్యే ముందు పోతుంది. ఎడమ అరచేతిలో మచ్చలు లెక్కపెడితే ఒక పేజీ అవుతుంది. కానీ ఇవి నేను తప్పు చేస్తున్న సంగతులు, గ్లౌజు వేసుకోవడానికి కారణాలు కావు. ఓనర్ మంచి జిగ్ (ప్లేటును కదలకుండా పట్టుకునే చట్రం) ఒకటి చేయించి, ప్లేటు రేటు కొంచెం పెంచితే క్లాంప్ చెయ్యడానికి నాకేం కష్టం?

ప్రెస్ బ్రేక్ మనిషి:
ఇదిగో, అసలు గొడవ బయటికి వచ్చింది. మా దగ్గర ప్రెస్ మీద, చెయ్యి లోపల పడకుండా, రెండు చేతులతో నొక్కే బటన్లు ఉంటే, ఒకదానికి పుల్ల పెట్టి నడిపినవాళ్లున్నారు. అదీ పీసు రేటు కోసమే.

కొత్త హెల్పర్:
చిప్ పొడుగ్గా వస్తే ఏం చెయ్యాలన్నా? మా మేస్త్రీ చెప్పలేదు.

కల్లూరు ఆపరేటర్:
మధ్యలో ఒకసారి బిట్టు పైకెత్తి దించు, చిప్ తెగిపోతుంది. చుట్టుకుంటే మెషిన్ ఆపి, కొక్కెంతో లాగు. చేత్తో కాదు. పాడైన వెల్డింగ్ ఎలక్ట్రోడు రాడ్డు వంచితే కొక్కెమే.

(రెండు రోజుల తర్వాత) ఓనర్‌కు ఈ పోస్టులన్నీ ఫోన్లో చదివి వినిపించాను. యాభై రూపాయల కట్ తీసేశాడు. జిగ్ గురించి "చూద్దాం" అన్నాడు. రేటు మాట వినపడనట్టే ఉన్నాడు. చివరికి ఆయన చెప్పింది ఇది: "పార్టీ వాళ్లు ఫోటో తీసేటప్పుడు మాత్రం మెషిన్ ఆఫ్ చేసి గ్లౌజులు వేసుకుని నిలబడు."